శనగలు పీకేటప్పుడు

గర్భం లెక్క బిడ్డ కడుపున పడిన రోజు నుంచి మొదలవదు. దానికి ముందు ఆఖరుసారి ముట్టయిన మొదటి రోజు నుంచి మొదలవుతుంది. అంటే మొదటి రెండు వారాలూ కడుపులో ఎవరూ ఉండరు, అయినా లెక్కలో ఉంటారు. మార్కాపురంలో మా ప్రసూతి వార్డుకి పాఠం కోసం వచ్చే వైద్య విద్యార్థుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు ఇది విని నవ్వుతారు. కడుపులోనే లేని బిడ్డకు వయసేంటి మేడం అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. నెలనెలా ఎదురుచూసే ఆడదానికి ఆ రెండు వారాలు ఏమిటో వాళ్ళకేం తెలుసు? పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ప్రతి నెలా ఆ లెక్క మొదలుపెట్టాను. చివరిదాకా వేసింది లేదు.

దాచడం దేనికి, నాకు పిల్లలు లేరు. ఎన్ని కాన్పులు చేశానో లెక్క లేదు, నా కాన్పు మాత్రం చూసుకోలేదు. నొప్పులు పడుతున్న కోడలి నడుం రాస్తూ అత్తలు నన్ను అడుగుతారు, నీకెంతమందమ్మా పిల్లలని. ఉద్యోగంలో చేరిన కొత్తలో వినబడనట్టు కేస్ షీటు తిరగేసేదాన్ని. ఇప్పుడు ఈ ఊళ్ళో సగంమంది నావాళ్ళేనని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తర్వాత గ్లవ్స్ మార్చుకోవాలన్నట్టు కాసేపు పక్కకు వెళతాను.

విద్యార్థుల మీద నేను కేకలేస్తానని పేరు. వేయక ఏం చేయను? బోర్డు మీద గర్భాశయం బొమ్మ గీస్తే సగంమంది మగపిల్లలు ఫ్యాను వైపు చూస్తారు. మీరంతా అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే, తల దించి చూడండి అంటాను. అంతకంటే కోపం తెప్పించేది, ముట్టు తేదీ దగ్గర 'తెలియదు' అని రాసేయడం. మొన్నటి బ్యాచ్‌లో కోస్తా నుంచి వచ్చిన ఒక అమ్మాయి అదే పని చేసింది. వెలిగండ్ల వైపు నుంచి వచ్చిన నిండు గర్భిణిని తేదీ అడిగింది, ఆమె బిక్కమొహం వేసింది, పిల్ల రాసేసి లేచింది.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆఖరుగా అయినప్పుడు చేలో ఏం పని నడుస్తోందమ్మా అని అడిగాను. మిరపనారు నాటుతున్నామని, ముసురు పట్టి పని ఆగిన రోజునే అయిందని ఆమె టకటకా చెప్పింది. మా వైపు అందరం ఇంతే. నేను చంద్రశేఖరపురం దగ్గర ఒక కూలి ఇంట్లో పుట్టినదాన్ని, మా చర్చి ఆడవాళ్ళు ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారానికి ముందో వెనకో చెబుతారు. టౌన్లో ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళయితే రంజాన్‌లో ఎన్నో రోజా నుంచి ఉపవాసం ఆపారో చెబుతారు. ఆగిన ఉపవాసాలు తర్వాత తీర్చాలి కాబట్టి మరిచిపోరు. పనినీ పండగనీ పట్టుకుని తేదీకి రావడం నేను పిల్లలకు ఓపిగ్గా నేర్పే ఒకే ఒక్క పాఠం.

నాకూ అలాంటి గుర్తు ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి నెల తప్పాను. మూడో నెలలో పోయింది. స్కాన్ చేసింది నా స్నేహితురాలే. గుండె కొట్టుకోవడం లేదని ఆమె చెప్పనక్కర్లేకపోయింది, ముఖం చూశాను. ఇంటికొచ్చే బస్సులో దారి పొడవునా కంది పూతలో ఉంది, ఎటు చూసినా పసుపే. ఇప్పటికీ ఆ కాలంలో కిటికీ పక్కన కూర్చోను. ఆ తర్వాత నాకూ, మా ఆయనకూ చేయించని పరీక్ష లేదు. ఎవరిలోనూ ఏ లోపమూ లేదన్నారు. లోపమేదైనా ఉంటే దాని మీదైనా కోపం చూపించుకునేదాన్ని. అండం ఎప్పుడు విడుదలవుతుందో, ఎంతసేపు బతుకుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. ఆ చదువు నాకెందుకూ పనికి రాలేదు.

ఈ ఏడాది శనగలు పీకేటప్పుడు అయింది. తర్వాతి నెల రాలేదు. నలభై దాటి చాలా ఏళ్ళయినదాన్ని, వేరెవరైనా ఇలా వచ్చి చెబితే ముందు పరీక్ష చేయించు, ముట్లుడిగే వయసు కూడా కావచ్చు అనేదాన్ని. వార్డు అలమారాలో కిట్లు పెట్టెలకొద్దీ ఉన్నాయి. నేను మాత్రం ముట్టుకోలేదు. లెక్క సాగినంతకాలం సాగనిద్దామనుకున్నాను. పోపు వాసనకు కడుపులో తిప్పినట్టయితే లోలోపల సంతోషం. ఆ లక్షణాలన్నీ క్లాసులో చెప్పేది నేనే, మనసు వాటిని వరసగా తెచ్చి చూపిస్తోందని తెలియకేం? తెలిసీ రోడ్డు మీద గతుకులు చూసి నడిచాను. కురిచేడు రైల్వే స్టేషన్లో పనిచేసే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి నా ముఖం చూసి టీ పెట్టి ఇచ్చాడు.

రెండో నెల కూడా దాటాక చేసుకున్నాను. ఒకే గీత. వారం ఆగి మళ్ళీ చేశాను, మళ్ళీ ఒకే గీత. హార్మోన్ పరీక్షలో వచ్చిన అంకె చూశాక ఇది వయసేనని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు నాకు కలిగిన దుఃఖం ఏ బిడ్డ కోసమో చెప్పలేను, పోయినదాని కోసమో, రానిదాని కోసమో.

ఆ వారంలోనే ముట్లుడగడం గురించి క్లాసు తీసుకోవాల్సి వచ్చింది. ఏడాది పాటు రాకపోతేనే ఆగిపోయిందని నిర్ధారిస్తాం, అప్పుడు వెనక్కి తిరిగి ఆఖరుది ఎప్పుడో చూసుకుంటాం అని చెప్పాను. ఆ కోస్తా అమ్మాయే లేచి అడిగింది.

"అయితే ఆ రోజు ఆమెకు తెలియదా మేడం, అదే ఆఖరుదని?"

తెలియదన్నాను. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, మిగతాది రేపు చెబుతానని వచ్చేశాను.

ఆదివారం ఊరికి వెళ్ళాను. అమ్మ ప్రతి ఆదివారం సంఘంలో లేచి నిలబడి నా కడుపు పండాలని ప్రార్థన చేయిస్తుంది. నాయన పోయాక కూడా ఆ మనవి మానలేదు. చిన్నపిల్లలు సైతం నా పేరు చెప్పి ఆమేన్ అంటారు. ఇక చాలించమ్మా అని చెప్పడానికే వెళ్ళాను. అమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు అందుకున్నాను. ముట్లు ఆగిపోయాయని, పరీక్షలన్నీ చేసుకున్నానని, కడుపు కాదని, వయసని చెప్పాను. డాక్టరుగానే చెప్పాను.

అమ్మ గింజ తీసి చేటలో వేసింది.

"ఆఖరుగా ఎప్పుడయినావమ్మా?"

"శనగలు పీకేటప్పుడు."

అమ్మ చేతులకున్న చింతపండు చీరకు తుడుచుకుంది. వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. అమ్మా, విన్నావు కదా అన్నాను. విన్నానంది, మడవడం ఆపలేదు. తొమ్మిదో వేలి దగ్గర ఆగి వాకిలి అవతల దున్నని చేను వైపు చూసింది.

"కంది పూతకు కాన్పు అయితాది. ఆ పూతలోనే గదా పోయినాది."

ప్రార్థన మానెయ్యమన్న మాట నా నోటిలోనే ఉండిపోయింది. అమ్మ మళ్ళీ చింతపండు అందుకుంది. కాసేపటికి నేనూ, ఆమె చూడకుండా, చీర కొంగు కింద వేళ్ళు మడిచి చూసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది.