కుల్యాష్ దొడ్డి కింద కిరసనాయిలు

చచ్చిన ఆవు తోలు ఒలిచి కుల్యాష్ తండ్రి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఆవుకు దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, సోకిందని ఆయనకు తెలియదు. చేతి మీద నల్లటి పొక్కు లేచింది, వారం తిరక్కుండానే మనిషి పోయాడు. ఆవును సున్నం పోసి పూడ్చారు. ఆ రోగపు పురుగు మట్టిలో ఏళ్ళ తరబడి చావదని పెద్దవాళ్ళు అనుకున్న మాట కుల్యాష్ గుండెలో దిగబడిపోయింది. మనవరాలిని ఎత్తుకునే ముసలమ్మ అయినా ఆ భయం పోలేదు.

అలాంటి మనిషి దొడ్డిలో బోరు వేసి, భూమిలోకి బాక్టీరియాను వదులుతామని పట్నం పరిశోధనశాల నుంచి మెరుయెర్త్ అనే అమ్మాయి వచ్చింది.

పల్లె పక్కన పాత సైనిక విమానాల మైదానం ఉంది. అక్కడి విమాన ఇంధనపు ట్యాంకులు కారి కారి, కిరసనాయిలు ఇసుకలోకి దిగి, భూమిలో నీటి మీద తెట్టు కట్టి, బావుల దాకా పాకింది.

"నా ట్రాక్టరుకు బంకు దేనికి, మీ బావి ఉండగా!" అని పక్కింటి జైనొల్లా నవ్వేవాడు. కుల్యాష్‌కు నవ్వొచ్చేది కాదు.

"ఈ బాక్టీరియాలు ఎక్కడినుంచో తెచ్చినవి కావు అపా," అంది మెరుయెర్త్, పెద్దావిడను పిలిచే పిలుపుతో. "మీ మట్టిలోవే. గాలి, కాస్త ఎరువు అందిస్తే కిరసనాయిలు తిని పెరుగుతాయి."

"అది అయిపోయాక ఏం తింటాయే? మమ్మల్నా?"

"తిండి లేక చస్తాయి అపా."

కుల్యాష్ నమ్మలేదు. కానీ ఆ వారమే, బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగబోతూ జైనొల్లా భార్య అగ్గిపుల్ల గీసింది. పేరుకున్న ఆవిరి భగ్గుమంది. ఆమె కనుబొమ్మలు కాలాయి, ప్రాణం దక్కింది. కుల్యాష్ ఇంటి మాళిగలోనూ అదే వాసన. మర్నాడు ఆమె సరేనంది.

దొడ్డిలో బిగించిన పంపు రోజంతా గుయ్యిమంటూ భూమిలోకి గాలి ఊదేది. కాళ్ళ కింద ఏదో కదులుతున్నట్టు ఆమెకు ఒళ్ళు జలదరించేది. ఒక సాయంత్రం ఆమె పాడి ఆవు కడుపు ఉబ్బి, నోట నురగ కక్కుతూ పడిపోయింది.

తండ్రి చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. మనవరాలిని గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. పరుగున వెళ్ళి పంపు తీగ పీకేసింది. ఆవు ఆమెనే చూస్తూ మూలుగుతోంది. దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదు.

కబురు అందగానే మెరుయెర్త్ పశువైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"ముట్టుకోకండయ్యా, దొమ్మ! మీరూ పోతారు!" కుల్యాష్ గుమ్మంలోంచే అరిచింది.

ఆయన ఆవు పక్కన మోకాళ్ళూని, ఎడమ డొక్క తట్టి చూశాడు. "దొమ్మా లేదు, గిమ్మా లేదు. తడి లూసర్న్ గడ్డి ఎక్కడో కడుపారా మేసింది, గాలి పట్టి ఉబ్బింది." గొట్టపు సూది గుచ్చగానే గాలి బుస్సున పోయింది. కాసేపటికి ఆవు లేచి నిలబడింది.

కుల్యాష్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "ఇంకా భయంగానే ఉందమ్మాయ్," అంది.

"నాకూ భయమేసింది అపా," అంది మెరుయెర్త్, నుదుటి చెమట తుడుచుకుంటూ.

పంపు తీగను మళ్ళీ కుల్యాషే పెట్టింది, కళ్ళు గట్టిగా మూసుకుని.

రెండు చలికాలాలు గడిచేసరికి మాళిగలో వాసన పోయింది. బావి నీళ్ళు తాగడానికి మాత్రం ఇంకా పనికిరావు. మెరుయెర్త్ పరీక్ష కోసం సీసాలో నీళ్ళు పట్టడానికి వచ్చినప్పుడల్లా కుల్యాష్ మనవరాలి చెయ్యి పట్టుకుని దూరంగా నిలబడుతుంది. "కిరసనాయిలు ఎంత తగ్గిందే?" అని అక్కడినుంచే కేకేస్తుంది.