ఒకటో తరగతి నాది

ఆదివారం పొద్దున బెంగళూరు శివార్లలోని చందాపుర దగ్గర కూలీల రేకుల షెడ్లలో అడుగుపెడితే ముందు చెవులకు పని పడుతుంది. ఒక మూల ఎక్కాలు, ఇంకో మూల కన్నడ అక్షరాలు, మధ్యలో పెన్సిల్ పోయిందని ఎవడిదో ఏడుపు. సెలవురోజు అక్కడి పిల్లలకు చదువు చెప్పే నాకు ఆ గోల వింటే మాత్రం ప్రాణం లేచివస్తుంది. నేను చదువుకున్నది అలాంటి గోలలోనే.

హిందూపురం అవతల మా ఊరి బడి ఒకే గది. ఐదు తరగతులు, ఒక్క సరోజమ్మ టీచర్. ఒక తరగతికి ఆమె పాఠం చెబుతుంటే మిగతావాళ్లు బోర్డుకు వీపు పెట్టి రాసుకోవాలి. వీపు తిప్పమంది గానీ చెవులు మూసుకోమనలేదు కదా! రెండో తరగతిలో ఉండగానే నాలుగో తరగతి పాఠాలు నాకు నోటికి వచ్చేశాయి. పెద్దవాళ్లకు రాని జవాబులు గోడకేసి చూస్తూ నేను చెప్పేసేదాన్ని. ఆమె మెచ్చుకోలేదు, విసుక్కుంది.

"నీ నోరు ఊరికే ఉండదు గానీ, పో, ఆ ఒకటో తరగతోళ్లకు అక్షరాలు దిద్దించు పో!"

శిక్ష అనుకున్నాను. వారం తిరక్కుండానే పెత్తనం రుచి తెలిసింది. చిన్నవాళ్ల చేయి పట్టుకుని దిద్దిస్తూ, అచ్చం ఆమెలాగే కళ్లెర్రజేస్తూ తెగ హడావుడి చేసేదాన్ని.

నేను నాలుగో తరగతికి వచ్చిన ఏడాది వానలు మొహం చాటేశాయి. అందరం బెంగళూరుకు కట్టడం పనులకు పోవాలని నాన్న తేల్చేశాడు. అక్కడ తమ్ముణ్ణి చూసుకోవడం నా వంతు. బడి మాట ఎత్తితే కసురుకున్నాడు. టీచర్‌కు ఒక మాట చెప్పిపోదామని నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఆమె నా తెలివి గురించి చెబుతుందని, నాన్న కరుగుతాడని ఆశగా నిలబడ్డాను. ఆమె నా చదువు ఊసే ఎత్తలేదు.

"నారాయణప్పా, ఈ పిల్లను పిల్చుకొని పోతే నా గతేమి? ఒకటో తరగతి చూసేది ఈ పిల్లే. నాకు ఉండేది ఒక్క నోరు. నాతో అయ్యేది లేదప్పా."

నాన్న తల గోక్కున్నాడు. నా భవిష్యత్తు గురించి ఎవరు చెప్పినా వినేవాడు కాదు. సాయం అడిగిన మనిషికి లేదనడం మాత్రం ఆయనకు చేతకాదు.

"అట్లయితే అవ్వ దగ్గర ఉండనీలే టీచరమ్మా. నీకు కష్టమైతాది" అన్నాడు.

తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మా నాన్నా బస్సెక్కారు. నేను అవ్వ దగ్గర ఉండిపోయి చదువుకున్నాను.

ఆరోజు ఆమె నాకోసం అందంగా అబద్ధమాడిందని చాలా ఏళ్లు నమ్మాను. ఐదు తరగతులను కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషికి గుప్పెడు పసివాళ్లు ఒక లెక్కా? ఆ అబద్ధాన్ని తలుచుకుని మురిసిపోయేదాన్ని కూడా.

పోయిన ఆదివారం షెడ్‌కు లక్ష్మి వాళ్లమ్మ వచ్చింది. లక్ష్మి మా అందరిలోకీ చురుకైన పిల్ల. చిన్నవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని దిద్దిస్తూ ఉంటుంది.

"ఇంక మా పాప రాదు మేడమ్. ఆదివారాలు కూడా మాకు పని ఉండాది. చిన్నోణ్ణి చూసుకోవాల" అందామె.

టీచర్ ఆడిన అబద్ధమే నేనూ ఆడదామనుకున్నాను.

"లక్ష్మి లేకపోతే నాతో కాదమ్మా" అన్నాను.

అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పెద్దవాళ్లకు భాగహారం చెబుతుంటే ఆ చిన్నవాళ్లను చూసేదెవరు? నేనన్నది అక్షరాలా నిజం.

లక్ష్మి వాళ్లమ్మ కంగారుపడింది. "అయ్యో, ఏడవద్దు మేడమ్. చిన్నోణ్ణి కూడా ఈడికే పంపిస్తాలే" అంది.

సరోజమ్మ టీచర్ ఆరోజు నా మీద జాలిపడలేదు. ఆ గదిలో ఆమెకు నిజంగానే నేను కావాలి.