టోపీవాళ్ల పుస్తకమూ, అలివి తాడూ

విజయనగరంలో ఒక పెళ్లికి ఫొటోలు తీసి తిరిగొస్తూ, బస్సుకి ఇంకా టైముందని పాత పుస్తకాల బండి దగ్గర నిలబడ్డాను. ఇంటర్ గైడ్ల అడుగున పీటంత పుస్తకం ఒకటి కనబడింది. లాగాను. అట్ట మీద పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన, నా పొలంలో నీకేం పని అన్నట్టు నన్నే చూస్తున్నాడు. అమెరికాలో గుర్రాల మీద తిరుగుతూ ఆవుల మందల్ని తోలేవాళ్ల ఫొటోల పుస్తకమది. లోపలన్నీ నలుపు తెలుపు ఫొటోలు. పేజీకి ఒక్క మనిషి, వెనకాల ఖాళీ మైదానం. వంకర తిరిగిన ముక్కులు, తాడు కోసుకుపోయిన అరచేతులు, ఎండకి బీటలు వారిన మెడలు. ఒక్కడూ నవ్వడు. పుస్తకం కింద పెట్టలేకపోయాను.

అప్పటిదాకా నేను బతికిందంతా నవ్వుల మీదే. నరసన్నపేటలో మెయిన్ రోడ్డు మీద మాకు స్టూడియో ఉంది. పెళ్లికొడుకుని నవ్వమంటాను, పెళ్లికూతుర్ని నవ్వమంటాను, నవ్వకపోతే కోప్పడతాను. ముహూర్తం వేళ పురోహితుణ్ణి కూడా పక్కకి జరగమని కసిరిన ఘనత నాది. అలాంటి నాకు, నవ్వని మొహం ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బేరమాడకుండా నేను కొన్న వస్తువు ఇన్నేళ్లలో అదొక్కటే.

బస్సులో సీటు దొరకలేదు. పుస్తకాన్ని, సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన ఒళ్లో పెట్టి నిలబడ్డాను. ఆయన ఊరికే ఉండలేక పేజీలు తిప్పాడు.

"ఈలు ఏటి సేస్తారు బాబూ?"

"ఆవుల్ని కాస్తారు."

"మా తాతా కాసాడు. ఎవుడూ ఫొటో తియ్యనేదు," అని పుస్తకం మూసేశాడు.

నాకు నవ్వొచ్చింది. శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటేసరికి ఆ నవ్వు ఆలోచనలో పడింది. మన దగ్గర అలాంటి మొహాలకేం కరువు? అలాంటి పుస్తకం నేనే చేస్తే? మడపాం దగ్గర వంశధార వచ్చేసరికి ఇక ఆగలేకపోయాను. ఎవరూ అడక్కుండానే ఆ పెద్దాయనతో, "నేను కూడా ఒకటి చేస్తాను తాతా" అన్నాను. "సెయ్యి మరి" అన్నాడాయన, నిద్రలోంచి.

ఎవరిని తియ్యాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా స్టూడియో మెట్ల కింద రోజూ చేపల గంప దించుకుని కూర్చునే ఆవిడ ఉండేది. ఆవిడది సముద్రపొడ్డు ఊరు. అక్కని మా వైపు పిలిచినట్టే, నేను అప్ప అని పిలిచేవాణ్ణి. పెళ్లివాళ్లు వచ్చే చోట ఈ వాసనేమిటని మొదట్లో గొడవపడ్డాను. "పెల్లిలో సేపలు వొండుకోరేటి?" అని అడిగి కత్తిపీట వేసుకుంది. ఆ తర్వాత మా ఇద్దరికీ కుదిరింది.

ఒకసారి తన తమ్ముడి ఫొటో పెద్దది చేయించుకుంది. అతను సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. విడి ఫొటో ఒక్కటీ లేదు, ఎవరిదో పెళ్లి గుంపు ఫొటో తెచ్చింది. అలాంటి పని నాకు కొట్టిన పిండే. చుట్టూ ఉన్నవాళ్లందర్నీ కంప్యూటర్లో తుడిచేసి, వెనక నీలం రంగు పెట్టాను. చివరికి అతని భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలింది. దాన్నీ తుడవబోయాను.

"ఆ సెయ్యి తియ్యకు తమ్ముడా. మా ఆయనది."

"మనిషి లేకుండా చెయ్యేమిటప్పా, చూసినవాళ్లు నా పనికి నవ్వుతారు."

"నవ్వితే నవ్వుతారు. ఉండనీ."

గొణుక్కుంటూ ఉంచాను.

టోపీవాళ్ల పుస్తకం మొదట చూపించింది అప్పకే. మొహాలు పట్టించుకోలేదు. ఒకడి అరచేయి ఉన్న పేజీ మీద మాత్రం తన తడి వేలు పెట్టింది. "తాడు లాగినోడి సెయ్యి ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటాది కావాల," అంది. వాళ్లాయన అలివి వల జట్టుకి పెద్ద. రమ్మంది.

అలివి వల లాగడం చూడనివాళ్లకి చెప్పాలి. పడవ మీద వలని సముద్రంలోకి తీసుకెళ్లి సగం చుట్టు తిప్పి వదులుతారు. దాని రెండు కొసల తాళ్లూ ఒడ్డుకొస్తాయి. రెండు తాళ్ల దగ్గరా రెండు వరసల మనుషులు. నడుముకి చిన్న తాడు కట్టుకుని, దాన్ని పెద్ద తాడుకి మెలేసి, వెనక్కి వాలి, మడమలు ఇసకలో దిగేసి, "ఐలెస్సా" అంటూ లాగుతారు. వరస చివరికి చేరినవాడు తాడు వదిలి, నీళ్ల దగ్గరికి పరుగెత్తి మళ్లీ మొదట్లో తగులుకుంటాడు. అలా వరస వెనక్కి నడుస్తూనే ఉంటుంది, మనుషులు ముందుకి పరుగెత్తుతూనే ఉంటారు. మొదటి రోజు అది చూసి నేను కెమెరా ఎత్తడం మర్చిపోయాను. మాది వరి పండించే ఇల్లు. బురదలో ఎద్దుని అదిలించే బలం నాకు తెలుసు. సముద్రాన్ని మెడపట్టి ఇవతలికి ఈడ్చే బలం అదే చూడటం.

ఫొటోలని తెలిసి రెండోసారికి అందరూ తలకి నూనె రాసుకుని, తెల్ల చొక్కాలు తొడుక్కుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు మండింది. "పెళ్లి కాదయ్యా, చొక్కాలు విప్పండి" అని అరిచాను. పాపం, విప్పారు. ఒక్కొక్కణ్ణే తాడు నించి విడదీసి, నీళ్ల ముందు నిలబెట్టాను. నవ్వొద్దు, నావైపు చూడు, కదలకు. జట్టు పెద్ద, అప్ప వాళ్లాయన, విసుక్కున్నాడు. "ఒకడు తగ్గితే వల ఓ పక్కకి లాగీస్తాది. బేగీ వొదిలీ." నేను వదల్లేదు. ఆ ఎండాకాలమంతా, పెళ్లిళ్లు లేని ప్రతి రోజూ, కెమెరా సంచీతో ఒడ్డునే ఉన్నాను. మా ఆవిడ, నాకు అక్కడ ఇంకో సంసారముందా అని అడిగింది. ఒక రకంగా ఉందన్నాను.

పుస్తకం అచ్చువేయడమంటే నాకు తెలిసింది పెళ్లి ఆల్బమ్ ఒక్కటే. అవి వేసే ల్యాబ్‌కే ఫొటోలు పంపాను. అలవాటు కొద్దీ వాళ్లు మొదటి పేజీకి గులాబీలు అతికించారు. ఫోన్లో తిట్టి తీయించాను. నలుపు తెలుపు, పేజీకి ఒక్క మనిషి, వెనకాల ఖాళీ సముద్రం. ఆల్బమ్ పెట్టె విప్పిన రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. టోపీలు లేవన్న మాటే గాని, మనవాళ్లు ఎందులోనూ తీసిపోలేదు.

మర్నాటి పొద్దున్నే తీసుకెళ్లాను. చేపలు ఏరుతున్న ఆడవాళ్లందరూ చేతులు తుడుచుకుని చుట్టూ చేరారు. అప్ప ఒళ్లో పెట్టి తెరిచాను. మొదటి పేజీకి ఎవరూ ఏమీ అనలేదు. రెండో పేజీకీ అనలేదు. మెచ్చుకోళ్లకి సిద్ధమై నిలబడ్డ నాకు ఏమీ అర్థం కాలేదు. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి తన మొగుడి పేజీ రాగానే, చూడనన్నట్టు లేచి వెళ్లిపోయింది. అప్ప ఆల్బమ్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టింది.

"ఎవులు పోనారని ఇన్ని ఫొటోలు కట్టినావు తమ్ముడా?"

తన తమ్ముడికి నేను చేసిచ్చిన ఫొటో అప్పుడు గుర్తొచ్చింది. ఒంటరి మనిషి, వెనకాల నీలం. ఆ ఊళ్లో అలాంటి ఫొటో ఎప్పుడు గోడకెక్కుతుందో అది చేసి అమ్మే నాకు తెలియాలి. బతికున్న మగాళ్లందరికీ నేనే ముందుగా చేసి, వాళ్ల పెళ్లాల ఒళ్లో పెట్టాను.

అయినా నా నోరు ఊరుకుంటుందా. సంచీలోంచి టోపీవాళ్ల పుస్తకం తీసి వాదనకి దిగాను. "ఇది చావు కాదప్పా, మగతనం. చూడు, వీళ్లనీ ఇలాగే తీశారు." అప్ప ఈసారి నెమ్మదిగా, మొహాలు చూస్తూ తిప్పింది.

"ఈలు ఒక్కలే పశువుని పడతారు కావాల. ఒక్కలే నిలబడతారు, బాగుంది. మావోడు ఒక్కడే లాగితే వల వస్తాదేటి?"

పుస్తకం ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది, వచ్చిందని చెప్పడానికి సిగ్గు కూడా లేదు. అప్ప ఆల్బమ్ సముద్రంలో పారేస్తుందేమోనని దాని అంచు పట్టుకునే కూర్చున్నాను. ఆమె దాన్ని పెట్టెలో పెట్టి నా చేతికే ఇచ్చింది.

"ఇవి నీ కాడే దాసుంచు. అవసరమైన నాడు మేమే వస్తాం. రాకుండా ఉండాలని మొక్కుకో. ఇప్పుడికి, తాడు మీద ఉన్నట్టు తియ్యి."

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో బండి ఆపేశాను. పెళ్లి ఆల్బమ్ విప్పితే రెండు పేజీలూ కలిసి ఒకటే పొడుగాటి ఫొటో అవుతుంది. మండపమంతా పట్టేంత పొడుగు. ఆ పొడుగులో తాడు పడుతుంది. నీళ్ల దగ్గర మొదటివాడి నించి ఇసక మీద చివరివాడి దాకా మొత్తం వరస పడుతుంది. ఇంత వెడల్పు కాయితం నా చేతిలో పెట్టుకుని, నిలువు పేజీల కోసం పాకులాడాను. రోడ్డు పక్కన ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే గేదెలు తోలుకెళ్తున్న ఒకాయన వింతగా చూశాడు.

రెండో ఆల్బమ్‌లో నేనెవరినీ నిలబెట్టలేదు, ఎవరి మీదా అరవలేదు. నీళ్లలో దిగి తీశాను, ఇసకలో పడుకుని తీశాను. వీపులు, మడమలు, పరుగులు, ఒకడి మోచెయ్యి ఇంకొకడి పక్కలో. అది తెరిచిన పొద్దున ఆడవాళ్ల గోల కెరటాల హోరుని మించింది. సగం మొహాలు కనబడవు, అయినా ఎవరి మనిషిని వాళ్లు వీపు చూసి పట్టేశారు. "ఈ ఈపు మా ఆయనది" అని ఒకామె అంటే, "నీ మొగుడికంత ఈపెక్కడిదే" అని ఇంకొకామె. లేచి వెళ్లిపోయిన ఆ అమ్మాయి కూడా వచ్చి ఒక పేజీ దగ్గర ఆగింది. నాకు ఎగరాలనిపించింది.

అప్ప చివరిదాకా తిప్పి, "నువ్వేడీ?" అంది.

"నేను తీసేవాణ్ణి కదప్పా."

"తాడు పట్టనోడి పుస్తకమని అంటారు రేపు. దిగు."

కెమెరా లాక్కుని మెడలో వేసుకుంది. ఎవరో నా నడుముకి తాడు బిగించారు. మొదటి గుంజుకే బోర్లా పడ్డాను, జట్టంతా నవ్వింది, లేచాను. అరచేతులు మండుతుంటే, జీవితంలో మొదటిసారి "ఐలెస్సా" అని గొంతు చించుకుని అరిచాను. అప్ప నొక్కిన ఫొటో వంకరగా వచ్చింది. సగం ఆకాశమే. నేను నోరు తెరుచుకుని, చొక్కా లేకుండా, ఇసక కొట్టుకుని ఉన్నాను. వరస మొదటికి పరుగెడుతూ నన్ను దాటిపోయినవాడెవడో నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి మాత్రమే పడింది, మనిషి పడలేదు.

ఆల్బమ్ మళ్లీ అచ్చుకిస్తూ, దాన్నే ఆఖరి పేజీకి పంపాను. ల్యాబ్ నించి ఫోన్ వచ్చింది, భుజం మీద ఎవరిదో చెయ్యి అడ్డంగా ఉంది సార్, తీసెయ్యమంటారా అని.

ఉంచమన్నాను.