లెక్క తప్పుతుందని

యుద్ధం నాటి నూలు కరువులో నగరి నేతగత్తె దేవకమ్మకు ఒక్క పోగు తప్పినా ప్రాణం పోయినట్టుండేది. పోగులు లెక్కపెడుతుంటే పక్కన చంటిది చెంగమ్మ ఏదైనా కూసిందా, పెదవుల మీద వేలు పెట్టి "ఉష్!" అనేది.

మూడేళ్లు నిండినా బిడ్డకు మాట రాలేదు. మొక్కులు మొక్కింది. వస అరగదీసి నాకించింది.

"వసేం జేస్తాదే! బిడ్డతో యానాడన్నా మాట్లాడినావా?" అని అత్త రాఘవమ్మ కసిరింది.

దేవకమ్మ ఎంత వెతుక్కున్నా తానాడిన ఒక్క మాటా గుర్తుకు రాలేదు. సిగ్గుతో మగ్గం దిగి, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

"ఇది నూలు తల్లీ, ఇది..."

చెంగమ్మ బెదురుగా పోగుల వైపు చూసి, తల్లి పెదవుల మీద వేలు పెట్టింది.

"ఉష్!"