బొయి చూద్దాం రమ్మన్న అత్త

మూడు వారాల కిందట ఓ మంగళవారం, నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "వొదిన పోనాదే" అంది. పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టలేదు, అవతల ఫ్యాను చప్పుడు వినబడుతూనే ఉంది. అమ్మ వొదినా అని పిలిచే మా పక్కింటి అత్త పొద్దున్నే టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మరి లేవలేదట. ఆ సంగతి నాకు ఆవిడ కోడలు చెప్పింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. అమ్మ మళ్లీ మాట మానేస్తుందేమోనని.

ఆ భయమేమిటో మీకు తెలియాలంటే ముందు అత్త గురించి చెప్పాలి.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య గోడ ఒకటే. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చింది. మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అత్తకి అక్షరం ముక్క రాదు. అయినా ఆదివారం మధ్యాహ్నం ఏ సినిమా చూడాలో మా వీధి మొత్తానికి చెప్పేది ఆవిడే.

ఇక్కడి బెంగాలీల్లో పాతకాలం వాళ్లు సినిమాని 'బొయి' అంటారు. బొయి అంటే పుస్తకం కూడా. కొత్త కోడలిగా వచ్చిన అత్తకి మావయ్య నేర్పిన నాలుగు బెంగాలీ మాటల్లో బొయి ఒకటి, పుస్తకం అనే అర్థంతో. అప్పట్లో పక్క రైల్వే క్వార్టర్లో ఉండే బెంగాలీ దీదీ వారం వారం వచ్చి "చలో, బొయి దేఖ్తే జాయి" అని, అంటే బొయి చూద్దాం రమ్మని పిలిచేది. చదువు రాదని తెలిస్తే పరువు పోతుందని అత్త ఒక వానాకాలమంతా తలనొప్పి, కడుపునొప్పి, అత్తగారికి జ్వరం అంటూ తప్పించుకుంది. ఆఖరికి ఓ రోజు దీదీ చెయ్యి పట్టుకుని లాక్కుపోతే, అత్తగారి కళ్లజోడు పెట్టుకుని మరీ వెళ్లింది.

"లోనకెళ్లి కూసున్నామో లేదో, లైట్లార్పేసినారే! సీకట్లో ఎలాగ సదవమంటారని నాకు గుండె దడ" అని చెప్పేది, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే. "అంతలో గోడ మీద మనిసి నవ్వినాడు. ఓలమ్మో, నాక్కూడా సదువొచ్చేసినాదే అనుకున్నాను!"

అప్పట్నుంచి ఆవిడకి తెలుగైనా హిందీ అయినా ప్రతి సినిమా బొయ్యే. టీవీలోకి సినిమాలు కుప్పలుగా వచ్చి పడ్డాక, పేరు చదవలేదు కాబట్టి తెర మీద కనబడే పోస్టరు బొమ్మని బట్టి రకం పట్టేది. బొమ్మలో ఇద్దరూ మనవైపు చూస్తుంటే ప్రేమకథ. పక్కకి చూస్తుంటే కొట్లాట. తల దించుకుంటే ఏడుపు. మనుషులెవరూ లేకుండా ఇల్లొక్కటే ఉంటే దెయ్యం. నవ్వకండి, పదింట్లో ఎనిమిది సరిపోయేవి. మేం పేర్లూ రేటింగులూ చదివి గంటసేపు తన్నుకుని పెట్టినవే నీరసంగా ఉండేవి.

సినిమా చెప్పేముందు "మీ ఇంట్లో ఎలాగున్నాది?" అని అడిగేది. మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్న ఇంటికి కుటుంబకథ చెప్పేది కాదు. "ఆళ్లిద్దరూ తలో పాత్రా తగిలించుకుని మళ్లీ మొదలెడతారు" అనేది. కొత్త జంటకి హత్య కేసు. ఎవరు చంపారో వాదించుకుంటూ మాటలు కలుపుకుంటారట. జ్వరం తగిలినవాళ్లకి జానపదం, రంగులుంటాయని. ఇవన్నీ ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. కిటికీకి ఆకుపచ్చ దుప్పటి కట్టేది. గది నీళ్లలో ములిగినట్టుండేది. దూరంగా స్టేషన్‌లో మైకు ఏదో బండి పేరు చెప్పేది, అది సినిమాలోదో బయటిదో తెలిసేది కాదు. సగం మందికి కళ్లు మూతలు పడేవి. ఒకసారి నేను మా అమ్మని తట్టి లేపబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "లేపకే. అది దాని బొయి సూసుకుంటంది."

మూడేళ్ల కిందట మా నాన్న పోయారు. ఆయన పోయాక అమ్మ నాలుగు నెలలు మాట్లాడలేదు. వంట చేసేది, బట్టలు మడతపెట్టేది, అడిగితే తలూపేది. అంతే. ఒక ఆదివారం అత్త వచ్చి అమ్మ పక్కన చాప వేసుకుని కూర్చుంది. కామెడీ పెడదామన్నాను.

"నవ్వలేని మనిసి ముందర మనం నవ్వడమేటే? తప్పు."

"పోనీ ఏడుపు సినిమా?"

"ఉన్న ఏడుపు సాల్దా? దెయ్యం సినిమా పెట్టు. భయమేస్తే పక్కోళ్ల సెయ్యి పట్టుకోక తప్పదు. ముందర ఎవులో ఒకలి సెయ్యి పట్టుకోనీ."

బొమ్మలన్నీ వెతికి తనే ఎంచింది. పెద్ద పాత ఇల్లు, మనిషి లేడు. బెంగాలీ సినిమా. మొదలైంది. ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. మొక్కలకి నీళ్లు పోశాడు. బజారుకెళ్లి చేప తెచ్చుకున్నాడు. బూట్లు గోడకి ఆనించి ఎండబెట్టాడు. తలుపు కిర్రుమంటే అత్త "ఇదిగో, వస్తంది" అని గొంతు తగ్గించేది. గాలి. మేడ మెట్ల మీద చప్పుడైతే "ఇదిగో" అనేది. పిల్లి. ముసలాయన టీ పెట్టుకుని, ఒక్కొక్క గుక్కే తాగి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎండ అతని మోకాళ్ల మీంచి నేల మీదకి జారింది. సినిమా అయిపోయింది.

అప్పుడు అమ్మ, నాలుగు నెలల తర్వాత, గొంతు సవరించుకుని అంది: "వొదినా, మరి దెయ్యమేదీ?"

"వస్తాదనే సూస్తన్నాను నానూ" అంది అత్త, సీరియస్‌గా.

అమ్మ నవ్వింది. ఆగకుండా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలీలేదు. అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆయన కూడా బూట్లు అలాగే పెట్టుకునేవోరు వొదినా" అంది. ఇక సాయంత్రం దీపాలు పెట్టేదాకా నాన్న గురించి చెబుతూనే ఉంది. అత్త ఊ కొడుతూనే ఉంది. నేను టీ కాచి ఇద్దరి ముందూ పెట్టి, వంటింట్లోకి పోయి తలుపు చాటున ఏడ్చాను.

కావాలనే ఆ సినిమా పెట్టావా అని తర్వాత అడిగాను. కసిరింది. "నాకంత తెలివుంటే సదువుకోనా? దెయ్యమనుకునే నొక్కినాను, పొరపాటైపోనాది." అదే నిజమని నా నమ్మకం. ఆ పొరపాటుకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అత్త కర్మకాండలయ్యాయి. అమ్మ అన్నిట్లోనూ పని చేసింది, మాట మాత్రం తక్కువ. అవును, కాదు, అన్నం తిను. నేను ఆఫీసు నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగేదాన్ని, గొంతు వినాలని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేచేసరికి ఇంట్లో అమ్మ లేదు. గబగబా గేటు దగ్గరికి వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. మా వీధి చివరింట్లోకి ఈమధ్యే తెలంగాణ నుంచి ఓ జంట అద్దెకి వచ్చారు. ఆ అబ్బాయి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ అమ్మాయికి బెంగాలీ రాదు, మా తెలుగు అర్థం కాదు, సగం తలుపు వేసుకునే ఉంటుంది. అమ్మ కొంగు తల మీదకి లాక్కుని వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఉంది. బొయి అన్న మాట తప్ప ఏం చెబుతోందో నాకు వినబడలేదు. రెండు చేతులూ గాల్లోకి లేపి ఏదో పెద్దదాన్ని చూపిస్తోంది. ఆ అమ్మాయి రెండో తలుపు రెక్క కూడా తెరిచి, అర్థం చేసుకోవాలని ముందుకి వంగి వింటోంది. వాన పెద్దదైంది. అమ్మ లోపలికి వెళ్లలేదు, ఇంటికీ రాలేదు. తడుస్తూ మాట్లాడుతూనే ఉంది.