సమానంగా కత్తిరించిన రెండు బొంతలు

దయ్యమంటే నాకు తెలిసినంతవరకు పని ఎగ్గొట్టేవాళ్లు చెప్పే సాకు. పొద్దుగూకినాక నీళ్లు తేవడానికి బద్ధకమున్న కోడలికి బావి దగ్గర తెల్లచీర కనబడుతుంది. నాకు ఎన్నడూ కనబడలేదు. మా ఆయన పోయిన గదిలోనే, దినాలు కాకముందు నుంచే ఒక్కదాన్నే పడుకున్నాను. ఇంట్లో ఫ్యాను ఉన్నది ఆ గదిలోనే.

మూడో తరగతితో బడి ఆపేసినదాన్ని. రాయడం నాకు నిదానం. జరిగినంతే రాస్తాను, జరగనిది కలిపి రాసే ఓపిక నాకు లేదు.

మాది జనగామ దగ్గర రఘునాథపల్లి. చిన్నబిడ్డ కవితను దంతాలపల్లి ఇచ్చాం. అల్లుడు రమేశ్ వ్యవసాయం చేస్తాడు, నెమ్మదైన మనిషి. పెళ్లయిన చాలా ఏళ్లకు కవితకు కడుపు నిలిచింది. కవలలు అన్నారు. జనగామ దవాఖాన దగ్గరవుతుందని ఐదో నెల దాటాక తల్లిగారింటికి తెచ్చుకున్నాను. ఇది మూడేళ్ల కిందటి మాట.

మా దిక్కు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయరు. పురుడు అయ్యేదాకా పాతబట్టే. అమ్మమ్మ కట్టి విడిచిన నూలు చీరను మడతల మీద మడతలు పెట్టి బొంత కుట్టి, బిడ్డను అందులో చుట్టి అందుకుంటాం. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట పసి ఒంటికి గీరదు. ఖర్చూ ఉండదు.

నాకొక ఆకుపచ్చ నూలు చీర ఉండేది. రంగు వెలిసి, కొంగు చిరిగి, పక్కన పెట్టేసినది. దాంతోనే రెండు బొంతలు కత్తిరించాను. కవలలకు ఏది ఇచ్చినా సమానంగా ఇవ్వాలని మా అత్త అనేది. నా జానతో మూడు జానల పొడవు, రెండు జానల వెడల్పు. ఒకదాని మీద ఒకటి వేసి, నాలుగు మూలలూ కలిశాయా లేదా చూసుకున్నాకే సూది పట్టాను.

పక్కింటి ఎల్లవ్వ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. పుట్టకముందే కుట్టుడు మంచిది కాదని నసిగింది.

"బిడ్డను పండబెట్టేదాక అది పాతచీరనే. పాతచీరకు మంచేంది, చెడేంది?" అన్నాను.

కుట్టి, ఉతికి, ఆరేసి, వేపాకు వేసి ఇనుప సందూకులో పెట్టాను. దాని తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకెవరి దగ్గరా ఇంకో చెవి లేదు.

ఆ తర్వాతి స్కానింగులో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఇద్దరిలో ఒకరు కొంచెం చిన్నగా ఉన్నారన్నది. కవలల్లో కొంత తేడా మామూలేనట. కాని వీళ్లిద్దరికీ మాయ ఒకటే, దాన్నుంచే ఇద్దరికీ రక్తం పోవాలి, ఒకరికి ఎక్కువ పోతున్నట్టుంది, దగ్గరదగ్గరగా వచ్చి చూపించుకోవాలి అన్నది.

నాకు వెంటనే అర్థమైంది. ఒకటే బోరు కింద రెండు మడులు. నీళ్లు పైమడికే పారుతుంటే కిందిమడి ఎండుతుంది. పొలంలో అయితే పార పట్టుకొని ఒడ్డు తెంపి కిందికి వదులుతాం. కడుపులో ఒడ్డు తెంపేదెవరు?

ఆ వారం వానలు తెరిపి ఇచ్చాయి. బట్టలకు ముక్కవాసన పట్టకుండా సందూకులోవన్నీ ఎండలో వేశాను. బొంతలు మడత పెట్టబోతే మూలలు కలవలేదు. ఒకటి రెండు వేళ్లు పొట్టిగా ఉంది.

కత్తిరింపులో తప్పు పోయిందేమో అనుకున్నాను. కాని మూలలు కలిపి చూసుకున్నదాన్ని నేనే, ఎల్లవ్వ కూడా చూసింది. దారం బిగిసిందేమో అనుకున్నాను. బిగిస్తే బట్ట ముడతలు పడుతుంది, ఇది సాఫుగా ఉంది. గుర్తుకోసం చిన్నదాని మూలకు ఎర్రదారం కట్టి, లోపల పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ స్కానింగుకు పోయినప్పుడు తేడా పెరిగిందన్నారు. చిన్నబిడ్డ ఎదుగుదల బాగా తగ్గిందట. ఇప్పుడే తీస్తే ఇద్దరూ బతకరు, ఆగితే చిన్నది లోపలే పోవచ్చు. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. బస్సులో కవిత కిటికీ దిక్కు తిరిగి కూర్చుంది.

అన్నం పెట్టి కూర్చోబెడితే ముద్ద చేతిలో పట్టుకుని అన్నది: "నేను తిన్నదంతా ఒక్కరికే పోతుందట అమ్మా. ఒకరిని మాడ్చి ఒకరిని మేపుతున్ననట. ఎట్ల తినాలె నేను?"

నాకు ఏడ్చే అలవాటు లేదు. "పెట్టుడు వరకే మన చేతుల ఉన్నది, పంచుడు మన చేతుల లేదు. తిను," అన్నాను.

తిన్నది. కళ్లనీళ్లు అన్నంలో పడుతుంటే అట్లాగే తిన్నది.

ఆమె పడుకున్నాక సందూకు తెరిచాను. ఎర్రదారం కట్టిన బొంత బెత్తెడు తగ్గి ఉంది.

ఈసారి అనుమానం మనసులో పెట్టుకోకుండా పరీక్ష చేశాను. ఎలుక కొరికిందా? అంచు కుట్టు చెక్కుచెదరలేదు. నీళ్లు తగిలి కుంచించుకుపోయిందా? కుంచించుకుపోయేదైతే ఆ చీర నా ఒంటి మీద ఉన్నన్నేళ్లలో ఎప్పుడో పోవాలి. రెండింటికీ ఒక అంచు పట్టుకొని కుట్లు లెక్కపెట్టాను. సమానంగానే ఉన్నాయి. కుట్టు తగ్గలేదు, బట్ట తెగలేదు, బొంత మాత్రం చిన్నదయింది. చిన్నదాని కుట్లు నావే, కాని నేను కుట్టినదానికంటే దగ్గరదగ్గరగా ఉన్నాయి.

నా చేతి కొలతను నేనే నమ్మలేక ఎల్లవ్వను పిలిచి కొలవమన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె కొలిచి, నా ముఖం చూసి, "ఏమున్నదక్కా, పెద్దదాన్ని జర కత్తిరించు, సమానం అయితది," అన్నది.

"పెద్దదాని తప్పేమున్నదే?" అన్నాను. కత్తెర ముట్టలేదు.

అప్పటినుంచి ఇంట్లో ఎవరు మాట్లాడినా చిన్నదాని గురించే. కవిత కడుపుకు ఎడమ పక్క చెయ్యి పెట్టుకుని కూర్చునేది, చిన్నది ఆ పక్క ఉందని డాక్టరమ్మ చెప్పిందట. అల్లుడు రెండు మూడు రోజులకోసారి బండి మీద వచ్చి, చెప్పులు విడవకముందే "చిన్నది కదులుతున్నదా?" అని అడిగేవాడు. ఎల్లవ్వ మొక్కింది చిన్నదానికే. నేను మొక్కింది కూడా. పెద్దది బాగుంది కదా, బాగున్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఎనిమిదో నెల పడింది. ఒక పొద్దున, ఎండ బాగా వచ్చిందని మళ్లీ సందూకు తెరిచాను. పైనున్న చీరలు తీస్తే పొడిగా ఉన్నాయి. ఎర్రదారం బొంత పొడిగా ఉంది. పెద్ద బొంత మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. ఎత్తబోతే ఒక చేత్తో లేవలేదు.

తడిసి ఉంది. రేవులో ముంచి పిండకుండా తీసిన బట్ట ఎట్లా ఉంటుందో అట్లా. బొట్టు మాత్రం కారడం లేదు. దాని కింది రేకు తడుముకున్నాను, పొడి. పైన ఇంటికప్పు చూశాను, మరక లేదు. వాసన చూశాను, ఏ వాసనా లేదు.

ఇన్నాళ్లూ నేను కిందిమడి ఎండుతుందనే చూశాను. నీళ్లు ఆగకుండా పారితే గండి పడేది పైమడికి అన్నది ఏనాడూ తలచుకోలేదు.

బయటికొచ్చి కవితను చూశాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు రోజుల నుంచి పడుకుంటే ఊపిరాడటం లేదని, గ్యాసు అని అంటూనే ఉంది. చీర పక్కకు జరిపి కడుపు మీద చెయ్యి పెట్టాను. డప్పులా బిగుసుకుని ఉంది.

అల్లుడు ఆ పొద్దున్నే వచ్చి టీ తాగుతున్నాడు. ఆటో పిలవమన్నాను.

"దవాఖానకు పోవాల్సిన రోజు ఇంకా రాలేదు కదా అత్తమ్మా. ఊకె పోతే డాక్టరమ్మ కసురుతది," అన్నాడు.

"కసిరితే నన్ను కసురుతది. నువ్వు పిలువు."

రెండు బొంతలూ ఒకే సంచిలో పెట్టాను. తడిది ప్లాస్టిక్ కవరులో చుట్టి మూతి ముడి వేశాను. ఆటో వచ్చింది. ఎంత అని అడగకుండా ఎక్కి కూర్చున్నాను. నేను బేరమాడకపోవడం చూసి కవిత భయపడింది. "ఏమైందమ్మా?" అని దారిపొడుగునా అడిగింది. ఏమని చెప్పను?

జనగామలో స్కానింగు మొదలుపెట్టిన కాసేపటికే డాక్టరమ్మ తెర తన దిక్కు తిప్పుకుంది. పెద్దబిడ్డ చుట్టూ నీళ్లు విపరీతంగా చేరాయన్నది. అంత రక్తం లాగి లాగి దాని గుండె అలసిపోయిందట. చిన్నది ఎట్లాగో నిలబడి ఉందట. ఇక్కడ కాదు, వరంగల్ పెద్ద దవాఖానకు ఇప్పుడే పోవాలి, అంబులెన్స్ పిలుస్తున్నాం అన్నది.

చేతులు కడుక్కుంటూ నన్ను అడిగింది: "డేటు ఇంకా ఉంది కదమ్మా. ఇవాళ ఎందుకు తీసుకొచ్చారు?"

"కడుపు బిగుసుకుంటే తెచ్చిన," అన్నాను. అది అబద్ధం కాదు.

"మంచి పని చేశారు. ఇంకా ఆగితే తల్లికి కూడా కష్టమయ్యేది."

ఆ రోజే ఆపరేషన్ చేశారు. ఇద్దరూ ఆడపిల్లలు. అద్దాల పెట్టెల్లో పక్కపక్కన పెట్టారు. చిన్నది తెల్లగా పాలిపోయి, నా అరచేతిలో పట్టేంత ఉంది. పెద్దది ఎర్రగా, గుండ్రంగా, బుగ్గలతో ఉంది. తొంగిచూసిన వాళ్లందరూ పెద్దదాన్ని చూపించి ఇది గట్టిపిల్ల, దీనికేం భయం లేదు అన్నారు. నేను మాత్రం దాని మీదినుంచి కన్ను తీయలేదు.

మర్నాడు పొద్దెక్కాక పెద్దది పోయింది. గుండె తట్టుకోలేదన్నారు.

చుట్టడానికి బట్ట అడిగారు. సంచి తెరిచి ప్లాస్టిక్ కవరు ముడి విప్పాను. బొంత కరకరలాడుతూ ఎండి ఉంది. కవరు లోపల చుక్క నీరు లేదు, చెమ్మ కూడా లేదు. ముడి నేను వేసిన ముడే.

బిడ్డను అందులో చుట్టాను. ఆకుపచ్చ చీరలో ఆ ఎర్రటి ముఖం ఒక్కటే కనబడింది. కవితకు చూపించాం. ఆమె అన్నది ఒక్కటే మాట: "దీన్ని ఒక్కనాడన్న తలచుకోకపోతిమి కదమ్మా." అల్లుడు దంతాలపల్లికి తీసుకుపోయి, తమ చెలక గట్టున పూడ్చిపెట్టి వచ్చాడు.

చిన్నది చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఇయ్యాల పోతుంది, రేపు పోతుంది అనుకుంటుండగానే బతికింది. బయటికి తీసిన రోజు ఎర్రదారం బొంతలో పెట్టి నా చేతికిచ్చారు. బెత్తెడు తగ్గిన ఆ బొంత దాని ఒంటికి కొలత తీసినట్టు సరిపోయింది.

ఈ సంగతి మొదట ఎల్లవ్వకు చెప్పాను. ముఖాన చెంగు అడ్డం పెట్టుకుంది. చదువుకున్న మా పెద్దల్లుడికి చెప్తే, వానకాలం చెమ్మ అత్తమ్మా, దిగులులో కొలతలు తప్పుతాయి అన్నాడు. అట్లాగే కావచ్చు. అయితే పైచీరలకు అంటని చెమ్మ నడుమ ఉన్న ఒక్క బొంతకే ఎందుకు అంటింది? ఎల్లవ్వకు ఏం దిగులుందని ఆమె కొలత కూడా తప్పింది? దయ్యమని నేను ఇప్పటికీ అనను. మరి ఏమనాలో నాకు తెలియదు.

పిల్లకు ఇప్పుడు మూడేళ్లు. అరుగంతా తిరుగుతుంది, నన్ను "అమ్మమ్మా, లే" అని గద్దిస్తుంది. పడుకునేటప్పుడు ఆ బొంతే కావాలి, ఇంకోటి కప్పితే తన్నేస్తుంది. పురిటిబిడ్డకు కుట్టిన బొంత. మూలకు ఎర్రదారం ఉంది. కుట్లు నావే, కాని ఇప్పుడు కుట్టుకూ కుట్టుకూ మధ్య నా వేలు పడుతుంది.

మెడ నుంచి పాదాల దాకా పిల్లకు ఇప్పటికీ నిండుగా సరిపోతుంది. నేను ఇంకో బొంత కుట్టవలసిన అవసరమే రాలేదు.

మొన్న ఎల్లవ్వ దాన్ని ముట్టుకొని, "ఒక్కసారి జాన ఏసి చూడరాదక్కా," అన్నది.

వెయ్యను. కొలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గింది.