రెండో అంకె అడిగిన బంగార్రాజు

నేను వీధిబడిలో ఐదో తరగతి దాటలేదు. అయినా భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ నిలబెట్టిన జట్టులో ఉన్నాను, బరువులు పైకెత్తే రిగ్గర్లకు మేస్త్రీనయ్యాను, మా చీపురుపల్లి వైపు నుంచి ఎందరికో పని చూపించాను. వాళ్లలో గొప్పవాడెవడని అడిగితే మా చెల్లెలు సూర్యావతి మొగుడు బంగార్రాజు పేరే చెబుతాను. వ్యాగన్ల నుంచి ఇనుప ఖనిజం దించే ఖలాసీ. సంతకం తప్ప రాయడం రాదు. మాట తక్కువ.

పంతొమ్మిది వందల అరవై ఆరులో మా ఆంధ్ర సంఘం తెలుగు బడి సెక్టర్ 4లో నడిచేది. మా కూలీలుండే క్యాంప్ 2 పిల్లలు రైలు పట్టాలు దాటి పోవాలి. ఓ సాయంత్రం ఆగి ఉన్న గూడ్సు కింద నుంచి దూరుతుంటే అది కదిలింది. బంగార్రాజు కూతురు చిన్నమ్మల్ని తోటి పిల్ల పరికిణీ పట్టి వెనక్కి లాగింది. పరికిణీ చిరిగింది, పిల్ల దక్కింది. బడిని క్యాంపుకు తేవాలని ఆ వారమే బంగార్రాజు సంఘం కార్యదర్శి పదవికి నిలబడ్డాడు.

పోటీకి ఇంకో ఇద్దరున్నారు. బడి సెక్టర్‌లోనే ఉండాలనే ఇంజనీరు శ్యామసుందర్ గారు ఒకరు, రైల్వేలో పనిచేసి రిటైరైన గురుమూర్తి గారు ఒకరు. ఓటు కాగితం మీద ఇష్టమైన వరుసలో ఒకటి, రెండు, మూడు అంకెలు వేయాలి. ఒకటో అంకెలు సగానికి మించి ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నవారిని తప్పించి, వారి కాగితాల మీద రెండో అంకె ఎవరికి ఉంటే వారికి కలుపుతారు.

క్యాంపు ఓట్లొక్కటే చాలవని నాకు తెలుసు. గురుమూర్తి గారి మనుషులుండే రైల్వే క్వార్టర్లకు వెళ్లి రెండో అంకె అడగమన్నాను. సూర్యావతి ఒప్పుకోలేదు.

"రెండోది అడుక్కోడమేటన్నియ్యా? రెండో పెళ్లికి పిల్లనడిగినట్టు. నలుగురూ నవ్వరా?"

"ఒకటోది వాళ్ల మనిషికే వేస్తారు. అదడిగితే తలుపేస్తారు," అన్నాను.

బంగార్రాజు చొక్కా తొడుక్కున్నాడు. "పిల్ల బండి కింద పడుంటే ఎవులూ నవ్వరు కదా. ఇప్పుడు నవ్వనీ."

క్వార్టర్లలో గురుమూర్తి గారి మేనత్త తులసమ్మ బంగార్రాజును గడపలోనే ఆపేసింది.

"నీకు రెండేత్తే మావోడి ఓటు సగం తెగిపోద్దట కదరా?"

"కిరసనాయిలు తెమ్మని కొట్టుకి పంపుతావు కదమ్మా. లేకపోతే బొగ్గులు తెమ్మంటావు. నూనె దొరికితే బొగ్గుల మాటే లేదు."

"నువ్వు బొగ్గులా?"

"అవునమ్మా."

ఆవిడ నవ్వి, మంచినీళ్లిచ్చింది. ఓటు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం సెక్టర్ 4లో లెక్కింపు. ప్లాంటు ఆఫీసరు సుబ్రహ్మణ్యం గారు లెక్కించారు. బంగార్రాజు తరఫున నేను కూర్చున్నాను. రెండు వందల కాగితాల్లో శ్యామసుందర్ గారికి ఎనభై నాలుగు, మావాడికి డెబ్భై ఒకటి, గురుమూర్తి గారికి నలభై అయిదు.

సుబ్రహ్మణ్యం గారు గురుమూర్తి గారి కట్ట విప్పబోతే, ఆయన తమ్ముడు గోపాలం దాని మీద అరచెయ్యి పెట్టేశాడు.

"మా అన్న ఓట్లు మీరు పంచుకోడమేటి? ఓడిపోతే ఓడిపోయాడు. ఇంటికి పట్టుకుపోతాం."

"పట్టుకుపోనీండి భయ్యా. ఎనభై నాలుగే పెద్దది. అయిపోయింది," అన్నారు ఇంజనీరు గారి వైపువాళ్లు.

ఆ కట్ట లేచిపోతే బడి రాదు. బంగార్రాజు గోడకానుకుని నిలబడి గోపాలం చెయ్యినే చూస్తున్నాడు. పోట్లాడదామని నేను లేవబోతే వద్దని తలూపాడు. సుబ్రహ్మణ్యం గారు నియమాల కాగితం వెతకసాగారు.

చివరి వరుసలోంచి గురుమూర్తి గారు నడిచి వచ్చారు.

"తియ్యరా చెయ్యి. అవి నావి కావు, రాసినవాళ్లవి. నేను కాకపోతే ఎవరు కావాలో వాళ్లే రాశారు."

గోపాలం వెంటనే తియ్యలేదు. అన్న ముఖం చూసి, మెల్లగా తీశాడు.

కట్ట విప్పారు. మొదట వరుసగా ఇంజనీరు గారికే పడ్డాయి. తర్వాత కొన్ని ఒకటి తప్ప మరే అంకె లేనివి వచ్చాయి. వాటికిక ఎటూ దారి లేదని పక్కన పెట్టారు. అప్పుడు మావాడివి రాసాగాయి, ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ. ఆఖరి కాగితం దాకా నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మావాడికి తొంభై ఎనిమిది, ఇంజనీరు గారికి తొంభై మూడు. ఎటూ పోని కాగితాలు తొమ్మిది. బంగార్రాజు గెలిచాడు.

మా వాళ్లు తెచ్చిన దండ వేయించుకోకుండా వాడు తిన్నగా గురుమూర్తి గారి దగ్గరకు పోయాడు.

"బాబూ, బడి కేంపుకొచ్చేసింది. పంతులే లేడు. మీరే సెప్పాల."

"ఓట్లు పట్టుకుపోయావు, సాలదా? మడిసి కూడా కావాలా?" అన్నాడు గోపాలం.

గురుమూర్తి గారు తమ్ముణ్ణి పట్టించుకోలేదు. "చాపలున్నాయా?"

"లేవు బాబూ. తెత్తాను."

"తెచ్చి కబురు పెట్టు."

సోమవారం సాయంత్రం చిన్నమ్మలు పలక పట్టుకుని, పట్టాలు దాటకుండా, గురుమూర్తి గారు చాప మీద కూర్చుని ఉన్న మా వీధి చివరి రేకుల షెడ్డుకే నడిచింది.